సముద్రం వైపు గది

జూన్ నడిమికి వచ్చేసరికి మా వీధిలో సొంత ఇంట్లో పడుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఇల్లు మాదే, మంచం మాదే, దుప్పటీ మాదే. పడుకునేది మాత్రం లైప్‌జిగ్ నుంచో బ్రాతిస్లావా నుంచో సముద్రస్నానాలకు వచ్చినవాళ్లు. బస ఆఫీసు వాళ్లు చీటీ రాసి, సూట్‌కేసులతో సహా మనుషుల్ని గుమ్మంలోకి పంపిస్తారు. మేం తలుపు తీసి నవ్వి, పెరటి వంటగదుల్లో, బొగ్గుల కొట్టాల్లో సర్దుకుంటాం. ఇందులో సిగ్గేమీ లేదు, అందరం చేసేదే. బట్టలుతికే గదిలో పడుకుని పడుకుని నా మోకాళ్లు పట్టేశాయి. కానీ స్తమాత్ చేసిన పని వేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

స్తమాత్‌ది మా పక్కిల్లే, మధ్యలో ఒక్క గోడ. బీచి హోటల్లో కరెంటు పని చేసేవాడు. అతని పెళ్లాం గింకా అదే హోటల్లో గదులు ఊడ్చేది. నేను కింద లాండ్రీలో ఉండేదాన్ని. ఏడు దేశాల వాళ్లు తుడుచుకుని పారేసిన తువ్వాళ్లు ఉతికిన చేతులివి. ఆ హోటల్ ముందున్న గొడుగుల కింద మా ఊరివాళ్లు కూర్చోవడానికి లేదు, లోపలి బార్‌లో మా లెవాలు చెల్లవు. డాలర్లున్నవాళ్లకే అక్కడ విస్కీ, మిగతావాళ్లకు అద్దంలోంచి చూసే భాగ్యం.

స్తమాత్ తల్లి కెరానా. నేను పెద్దమ్మా అనేదాన్ని. మేడమీద సముద్రం వైపు గది ఆమెది. అందులో పెద్ద ఇనుప మంచం ఒకటుండేది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన రోజు నుంచి ఆమె పడుకున్నది దానిమీదే. నలుగురు పిల్లల్ని దానిమీదే కంది. ముగ్గురు పోయారు, మిగిలింది స్తమాత్ ఒక్కడు. ఆమె నోరు మాత్రం కత్తి. వీధిలో ఎవరికీ లోకువ కాలేదు.

ఆ ఏడు ఈస్టర్ తర్వాత ఆమె కాళ్లు నీరు పట్టాయి. పాలీక్లినిక్ డాక్టరు వచ్చి చూసి, గుండెలో సత్తువ లేదు, వేసవి గట్టెక్కడం కష్టం అన్నాడు. ఆమె కొంచెం కూడా బెదరలేదు.

"గట్టెక్కకపోతే పోతానులే నాయనా. ఎనభై దాటాక ఇంకా ఎంత దూరం ఈదమంటావ్? కానీ నా మంచం మీద పోతాను, చేతిలో కొవ్వొత్తితో. అంతకంటే నాకేం అక్కర్లేదు," అంది.

మాలో ప్రాణం పోయేటప్పుడు చేతిలో వెలిగే కొవ్వొత్తి పెట్టాలి. పెట్టేవాళ్లు ఎవరో ఒకరు పక్కనుండాలి. ఎవరినైనా కడుపుమండి తిట్టాలంటే "నీకు కొవ్వొత్తి లేని చావు రాను" అంటాం. దాన్ని మించిన తిట్టు మా దగ్గర లేదు.

అయితే ఆగస్టులో కామ్రేడ్ వాచ్కోవ్ వస్తున్నాడు. సోఫియాలో పెద్ద ఆఫీసులో పెద్ద బల్ల వెనక కూర్చునే మనిషి. స్తమాత్ మాస్క్విచ్ కారుకి డబ్బు కట్టి, వంతు కోసం ఏళ్ల తరబడి కూర్చున్నాడు. కట్టినప్పుడు కూతురు ఉయ్యాల్లో ఉంది, ఇప్పుడా పిల్లకు పెళ్లీడు వచ్చింది. వాచ్కోవ్ ఒక్క మాట చెబితే వంతు ముందుకు జరుగుతుందట. ఆ ఒక్క మాట కోసం నిరుడు కూడా వాచ్కోవ్‌నీ, భార్యనీ ఇంట్లో పెట్టుకుని మేపాడు. వాళ్లకు సముద్రం వైపు గదే కావాలి, ఇనుప మంచమే కావాలి.

నిరుడు కెరానా గొణుక్కుంటూనే కిందికి దిగింది. ఈసారి దిగనంది.

"మూడు వారాలే కదమ్మా," అన్నాడు స్తమాత్. "వాళ్లు వెళ్లగానే నేనే నిన్ను ఎత్తుకెళ్లి నీ మంచం మీద పడుకోబెడతా."

"నీ కామ్రేడ్‌కి వేరే గది లేదా?"

"వాటిల్లో జర్మన్లున్నారుగా. ఆఫీసు వాళ్లు పంపినవాళ్లని ఎలా వెళ్లగొట్టను?"

"తల్లిని వెళ్లగొట్టడం తేలిక కాబోలు."

గింకా దుప్పట్లు మడుస్తూ అందుకుంది. "అత్తయ్యా, మేమంతా వంటగదిలో నేలమీద పడుకోవట్లా? మీరొక్కరే మహారాణా?"

"నువ్వు నేలమీద పడుకుని సెప్టెంబర్‌లో లేస్తావే పిల్లా. నేను లేవను."

స్తమాత్ తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. కోళ్లగూటి పక్కన, పూర్వం వలలు పెట్టుకున్న గదిలో, మడత మంచం మీద పడుకోబెట్టాడు. కిటికీ లేదు. పైన రేకులు, నడి ఆగస్టు.

నేను లాండ్రీ నుంచి రాగానే రోజూ సూప్ తీసుకెళ్లేదాన్ని. తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉండేది. ఆమె మాత్రం వెటకారం మానలేదు.

"ఈ కోళ్లకు బొత్తిగా మర్యాద లేదే ఫోతా. తెల్లారకముందే నా చెవిలో మీటింగు పెడతాయి. అధ్యక్షత వహించడానికి పుంజు కూడా ఉంది."

"నువ్వు వాటికి ఉపన్యాసం ఇవ్వలేకపోయావా?"

"ఇచ్చా. చప్పట్లు కొట్టలేదు, వెధవలు."

నవ్వేది, తర్వాత చాలాసేపు ఆయాసపడేది. దిండు కింద కొవ్వొత్తి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకునేది.

వాచ్కోవ్ చెడ్డవాడని చెప్పలేను. లావుపాటి మనిషి, మర్యాదగా మాట్లాడేవాడు, ఎవరు కనబడ్డా ఆరోగ్యం అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని భార్యతో బీచికి పోయేవాడు, పేపరు మొహాన కప్పుకుని మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. భార్య పేరు నెవెనా. సముద్రపు కొంగలు అరుస్తున్నాయని ఒకరోజు, టమాటాల తొక్క మందంగా ఉందని ఒకరోజు గింకాకు చెప్పేది, అవి కూడా గింకానే తయారుచేసినట్టు. గింకా తల వంచుకుని వినేది.

వాళ్లు వచ్చి పదిరోజులైందేమో, ఒక మధ్యాహ్నం మేడమీద నుంచి కేక వినబడింది. నేను గోడ పక్క గేటులోంచి పరుగెత్తాను. నెవెనా తడిజుట్టుతో గది గుమ్మంలో నిలబడి వణుకుతోంది. మంచం మీద కెరానా. ఆ కాళ్లతో అన్ని మెట్లు ఎలా ఎక్కిందో దేవుడికెరుక. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, చక్కగా వెల్లకిలా పడుకుని ఉంది.

"ఈ ముసలిది నా మంచం మీద ఏం చేస్తోంది?" అని అరిచింది నెవెనా.

"నీ మంచమా?" అంది కెరానా. "దీని తలాపు వైపు ఎన్ని కమ్ములున్నాయో చెప్పు చూద్దాం. నొప్పులొచ్చినప్పుడల్లా వాటిని పట్టుకుని అరిచినదాన్ని నేను."

వాచ్కోవ్ వచ్చాడు. తువ్వాలు నడుముకు చుట్టుకుని, పరిస్థితి చూసి, "పాపం, పెద్దావిడ," అన్నాడు. అంతే. ఆ మాట అని పక్కకు జరిగి, స్తమాత్ లోపలికి రావడానికి దారిచ్చాడు.

స్తమాత్ తల్లిని ఎత్తబోయాడు. ఆమె మంచం కమ్మి పట్టుకుంది. లాగాడు, వదల్లేదు. అప్పుడు వంగి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ముసలివేళ్లు, ఎండిన కొమ్మల్లా ఉన్నాయి.

"ఒరే స్తమాత్!" అన్నాను. "ఆవిడ నీ తల్లిరా! నీకు పుట్టగతులుండవు!"

"నీ ఇల్లు నువ్వు చూసుకో అక్కా," అన్నాడు నా వైపు చూడకుండా. "కామ్రేడ్ గారూ, క్షమించండి. పెద్దతనం, మతి స్థిమితం లేదు."

"నా మతికేం రోగం రా! నీ కారుకి నువ్వు ఎంచుకున్న రంగు పేరు కూడా చెప్తా, చెప్పమంటావా?" అంది కెరానా అతని భుజం మీంచి.

నెవెనా దుప్పట్లు మార్పించింది. పరుపు కూడా ఎండలో వెయ్యమంది. సాయంత్రానికల్లా మెట్ల తలుపుకు తాళం పడింది, తాళంచెవి వాచ్కోవ్ జేబులో పడింది.

ఆ తర్వాత కెరానా మారిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తినడం మొదలుపెట్టింది.

"వాళ్లు ఎప్పుడు పోతారే?"

"వచ్చే ఆదివారం పెద్దమ్మా."

"అయితే ఆదివారం దాకా ఉంటా. ఆ సూప్ ఇలా తే. రొట్టె కూడా తే. తింటే ఉంటా కదూ?"

మింగుడు పడేది కాదు. ఒక్కో ముద్దకు కళ్ల వెంట నీళ్లు కారేవి. అయినా గిన్నె అడుగు దాకా తినేది. తిని, మూతి తుడుచుకుని, పనిమంతురాలు పని ముగించినట్టు పడుకునేది. చావుని అలా మెడబట్టి గుమ్మం బయట నిలబెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

శుక్రవారం సాయంత్రం నేను గిన్నె పట్టుకుని వెళ్లేసరికి వలల గది తలుపు గొళ్లెం పెట్టి ఉంది. గింకా దానికి ఆనుకుని నిలబడి ఉంది.

"పడుకుంది వదినా. డాక్టరొచ్చి సూదేశాడు. లేపొద్దన్నాడు."

"సూప్ చల్లారిపోతుందే."

"ఇలా ఇవ్వు, లేచాక నేను పెడతా." గిన్నె లాక్కుంది. ఆమె చెయ్యి మంచులా తగిలింది. ఆ ఎండల్లో చెయ్యి చల్లగా ఉండటమేమిటని నాకు తట్టలేదు.

శనివారం కూడా అదే మాట. సూది, నిద్ర, లేపొద్దు. చిన్నగా తోసి చూద్దామంటే గింకా కదల్లేదు. మధ్యాహ్నం స్తమాత్ చేపల రేవు నుంచి తోపుడుబండి మీద పెట్టెలు తెచ్చాడు. పైన తడి గోనెలు కప్పి ఉన్నాయి, కింద నుంచి నీళ్లు కారుతున్నాయి, రంపపు పొట్టు రాలుతోంది. కామ్రేడ్ వెళ్లేముందు చేపల విందు కాబోలనుకున్నాను.

పై వసారాలో వాచ్కోవ్ మస్తిక సారా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కిందికి చూసి మొహం వెలిగించాడు.

"ఓహో, స్తమాత్! మంచుగడ్డలే! దాచుకుంటావేంటయ్యా? వెచ్చటి మస్తిక తాగలేక ఇక్కడ చస్తున్నాను."

స్తమాత్ మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "అది చేపల మంచు, కామ్రేడ్ గారూ. కంపు కొడుతుంది."

"కడిగితే పోదూ?"

లోపల్నించి నెవెనా గొంతు వినిపించింది. "ఆ పుచ్చకాయ కూడా అందులో పెట్టమనండి. సాయంత్రానికి చల్లబడుతుంది."

గింకా స్తమాత్ వైపు చూసింది. స్తమాత్ నేల వైపు చూశాడు. గింకా పుచ్చకాయను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వలల గదిలోకి వెళ్లింది. ఖాళీ చేతులతో వచ్చి మళ్లీ గొళ్లెం పెట్టింది.

సాయంత్రం ద్రాక్ష పందిరి కింద కోశారు. వాచ్కోవ్ గోడ మీంచి నాకూ ఒక ముక్క ఇచ్చాడు. "తీసుకోండి కామ్రేడ్, మొహమాటం వద్దు. మనమంతా ఒకటేగా." తీసుకున్నాను. చల్లగా, తియ్యగా ఉంది. రసం మోచేతి దాకా కారింది. గింకా, స్తమాత్ మాత్రం కడుపులో బాగాలేదని ముట్టలేదు.

ఆదివారం పొద్దున్నే వాచ్కోవ్ దంపతులు బయలుదేరారు. నల్ల వోల్గా కారులో ఎండు చేపల కట్టలు, అత్తిపండ్ల జాడీలు, ఇంట్లో కాచిన రకియా సీసాలు సర్దారు. స్తమాత్ టోపీ చేత్తో పట్టుకుని కారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మరి నా సంగతి, కామ్రేడ్ గారూ..."

"నీ పేరు నాకు గుర్తుందయ్యా. వచ్చే వేసవికి చూద్దాం." నిరుడూ ఇదే మాట అన్నాడు. "అన్నట్టు, మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు రాకముందే అద్దం ఎత్తేశాడు.

నేను లోపలికెళ్లి కాఫీ పొయ్యి మీద పెట్టాను. అది పొంగేలోపు గింకా ఏడుపు లేచింది.

మాలో శవానికి స్నానం ఇంటివాళ్లు చేయించరు, పొరుగు ఆడవాళ్లు చేయిస్తారు. నన్ను పిలిచారు. మేడమీద గదిలో, ఇనుప మంచం మీద, సముద్రం వైపు మొహం తిప్పి కెరానాను పడుకోబెట్టి ఉంచారు.

"వాళ్లు అటు వెళ్లగానే ఇటు పైకి తెచ్చాం వదినా," అంది గింకా. "మంచం మీద వాలిందో లేదో, హాయిగా కళ్లు మూసింది. కొవ్వొత్తి చేతిలో పెట్టాం. కోరిక తీరిపోయింది."

వెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కిటికీలోంచి ఎండ దంచుతోంది. చెయ్యి బావి అడుగులో రాయిలా ఉంది. జడ విప్పితే తడి, తడిలో రంపపు పొట్టు. పక్కకు తిప్పితే వీపు మీద చేపపెట్టె బద్దల గుర్తులు అడ్డంగా అచ్చుపడి ఉన్నాయి. కొవ్వొత్తి వేళ్ల మధ్య నిలవలేదని దారంతో కట్టారు. దాని వత్తి తెల్లగా ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ వెలిగించలేదు.

"ఎప్పుడే?" అన్నాను.

గింకా గోడకు ఆనుకుని కూలబడింది. "శుక్రవారం. మధ్యాహ్నం."

"పక్కన ఎవరున్నారు?"

"నేను హోటల్లో డ్యూటీలో ఉన్నా. ఆయనా అంతే."

"ఎవరూ లేరా?"

"కోళ్లున్నాయి," అంది. వెటకారం కాదు, పాపం దానికి తోచిన జవాబు అదే. "ఏం చెయ్యమంటావ్ వదినా? గుమ్మానికి చావు కాగితం అంటిస్తే వాళ్లు ఆ క్షణమే పోతారు. ఇన్నేళ్లు ఎదురుచూశాం. రెండ్రోజులు ఆగితే ఆవిడకేం నష్టం? చచ్చిపోయిందిగా."

చేతిలో ఉన్న తడిగుడ్డతో దాని మొహం మీద కొట్టాను. అది చెయ్యి అడ్డుపెట్టుకోలేదు. నేను స్నానం ముగించి, జడలో పొట్టు అంతా ఏరి, నల్ల బట్టలు తొడిగి కిందికి దిగాను.

అప్పటికే గేటుకు చావు కాగితం అంటించారు. కెరానా ఫోటో, కింద ఆదివారం తేదీ. చావుని ధ్రువీకరించాల్సిన డాక్టరు మనిషిని చూడకుండానే సంతకం చేశాడు, అతని ఇంట్లోనూ ఆగస్టు చుట్టాలున్నారు. పందిరి కింద వీధివాళ్లంతా కూర్చున్నారు. ఉడికించిన గోధుమలు పంచుతున్నారు, రకియా పోస్తున్నారు. చచ్చినవాళ్ల కళ్లు చారెడు కదా, కెరానా ఎంత మంచిదో, ఎంత నెమ్మదస్తురాలో చెప్పుకుంటున్నారు. నెమ్మదస్తురాలట!

"సొంత మంచం మీద, సముద్రం చూస్తూ, కొడుకు చేతుల్లో పోయింది. ఎందరికి దక్కుతుందమ్మా?" అంది ఒకావిడ. స్తమాత్ కళ్లు తుడుచుకుని తల ఊపాడు.

నేను ఇంక ఆగలేకపోయాను.

"అబద్ధం!" అన్నాను. "ఈవిడ శుక్రవారం చచ్చింది. కోళ్లగూటి పక్కన, కుక్కలా, ఒంటరిగా, కొవ్వొత్తి లేకుండా చచ్చింది. ఆదివారం దాకా ఉంటానని మింగుడు పడకపోయినా తిని తిని, రెండ్రోజుల ముందు ఓడిపోయింది. వీడు ఆవిణ్ణి చేపపెట్టెల మీద పడుకోబెట్టి, పొట్టూ మంచూ కప్పి, పైనున్న కామ్రేడ్‌కి ఆ మంచులోనే పుచ్చకాయ చల్లబరిచి పెట్టాడు. కారు కోసం! ఆ కారు నీకు రాకూడదురా స్తమాత్, వచ్చినా అందులో నీ శవం..."

ఎవరైనా లేస్తారనుకున్నాను. గ్లాసు విసిరికొడతారనో, స్తమాత్ మొహాన ఉమ్ముతారనో, కనీసం వెళ్లిపోతారనో అనుకున్నాను. అందరూ తమ చేతిలో గోధుమలు చూసుకుంటూ కూర్చున్నారు. ప్రతివాళ్ల ఇంట్లోనూ జర్మన్లున్నారు.

"శవం ఇంట్లో గొడవెందుకు ఫోతా," అంది ఆ ఆవిడే, నెమ్మదిగా. "కూర్చో. నీకూ రకియా పొయ్యనా?"

నేను కూర్చోలేదు. గేటు వైపు నడుస్తుంటే, మా ఇంటికి అటుపక్క ఉండే జెల్యాజ్కో లేచి స్తమాత్‌ను భుజం పట్టుకుని పందిరి గుంజ పక్కకు తీసుకెళ్లాడు. తిడతాడేమో, ఒక్కడైనా మనిషి ఉన్నాడని ఆగాను.

"రేవులో మంచు ఎవరిస్తారు?" అని అడిగాడు జెల్యాజ్కో, గొంతు తగ్గించి. "ఊరికే ఇస్తారా, ఏమైనా ముట్టజెప్పాలా?"

స్తమాత్ చెంపల మీద కన్నీళ్లు ఇంకా ఆరలేదు. "రకియా సీసా ఒకటి ఇస్తే చాలు. పొద్దునా సాయంత్రం మార్చాలి. పొట్టు ఎక్కువ వెయ్యి, లేకపోతే నీళ్లు గుమ్మం దాటి బయటికొస్తాయి."

"మా గదుల్లో వాళ్లు నెలాఖరు దాకా ఉంటారు," అన్నాడు జెల్యాజ్కో.

అతని తండ్రి బొగ్గుల కొట్టంలో ఉంటాడు. ఆ వేసవంతా దగ్గుతూనే ఉన్నాడు. కానీ బతికే ఉన్నాడు. నేను ఇంటికి వెళ్తుంటే కొట్టం గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. కెరానాను ఎప్పుడు తీసుకెళ్తారు, తనూ నాలుగడుగులు వెంట నడుస్తానని నన్ను అడిగాడు.